నడిబజారులో చదరంగం ఆడే ఇటలీ ఊరు: మరోస్తికను చూసి రావడం ఎలా

నెల్లూరు మూలాపేటలో మా వీధి నుంచే ఇద్దరు పిల్లలు ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నారు. వారిలో ఒకరు మా అమ్మాయి. బిడ్డను చూసి వద్దామని బయలుదేరే తల్లిదండ్రులు సాధారణంగా వెనిస్‌లో పడవ ఎక్కి, పీసాలో ఒరిగిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫోటో దిగి, రోములో కాళ్ళు పీకేదాకా తిరిగి ఇంటికి వచ్చేస్తారు. వాటిని చూడవద్దని నేను అనను. అయితే పది రోజుల ప్రయాణంలో ఒకటిన్నర రోజు మిగుల్చుకోగలిగితే, పాడువాకు ఉత్తరాన కొండల పాదాన ఉన్న మరోస్తిక అనే చిన్న ఊరికి వెళ్ళి రమ్మని చెబుతాను. అక్కడికి ఎలా చేరాలో, ఊరిని ఏ వరుసలో చూడాలో, అక్కడివారు చెప్పే కథను ఏ మేరకు నమ్మాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమైనది కనుక, దానితోనే మొదలుపెడుతున్నాను.

ముందుగా కథ

కథ 1454లో జరిగినట్టు చెబుతారు. అప్పటికి మరోస్తిక వెనిస్ రిపబ్లిక్ ఏలుబడిలో ఉంది. వెనిస్ తరఫున కోటను పాలించే తద్దేయో పరీసియోకు లియొనోరా అనే కూతురు ఉంది. రినాల్దో ద అంగరానో, వియేరి ద వల్లొనారా అనే ఇద్దరు వీరులు ఆమెను ప్రేమించి, ఆ కాలపు ఆనవాయితీ ప్రకారం కత్తులు దూసి తేల్చుకుందామని ఒకరినొకరు సవాలు చేసుకున్నారు. ఇద్దరిలో ఎవరు నేలకూలినా తనకు ఒక మంచి వీరుడు తగ్గడమే కాక రెండు కుటుంబాల మధ్య తరతరాల పగ మిగిలిపోతుందని పరీసియో భావించాడు. రోమియో, జూలియట్‌ల దుర్మరణం తరువాత వెరోనా ప్రభువు కన్‌గ్రాండే దెల్లా స్కాలా ద్వంద్వయుద్ధాలను నిషేధించాడని కూడా కథ చెబుతుంది. అందువల్ల కత్తులకు బదులు చదరంగం ఆడాలనీ, గెలిచినవాడికి లియొనోరాను ఇస్తామనీ, ఓడినవాడు పరీసియో చెల్లెలు ఓల్ద్రాదాను పెళ్ళాడి తమకు బంధువు కావచ్చుననీ పరీసియో తీర్పు చెప్పాడు. ఆట నాలుగు గోడల మధ్య కాక, కోట ఎదుటి మైదానంలో, సాయుధులైన మనుషులనే పావులుగా నిలబెట్టి, ఊరంతా చూస్తుండగా జరిగింది. లియొనోరా మనసులో ఉన్నది వియేరి, గెలిచిందీ అతడే.

ఓల్ద్రాదాను ఎవరైనా ఒక మాట అడిగినట్టు మాత్రం కథలో ఎక్కడా లేదు. ఈ లోపాన్ని మా అమ్మాయి ఆ మైదానం అంచున నిలబడే ఎత్తి చూపింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పుడు ఈ కథను ఎలా తూచి చూడాలో చెబుతాను. మూడు సంవత్సరాలను పక్కపక్కన పెట్టుకుంటే చాలు. మొదటిది 1454, అంటే కథ తనకు తాను చెప్పుకొనే వయస్సు. రెండవది 1923, ఆ ఏట ఇద్దరు విద్యార్థులు ఆ మైదానంలో మనుషులను పావులుగా నిలబెట్టి చదరంగం ఆడించారు. మూడవది 1954, మీర్కో వూచెటిచ్ అనే కళాకారుడు లియొనోరా కథను నాటకంగా మలచి, నేడు మనం చూసే ప్రదర్శనకు రూపం ఇచ్చిన సంవత్సరం అది. అంటే అయిదువందల ఏళ్ళ నాటిదని చెప్పుకొనే కథకు ఇప్పుడున్న రూపం మన తాతల కాలంలో వచ్చిందన్నమాట.

పుస్తకాలు తిరగేయకుండానే ఈ సంగతిని పసిగట్టడానికి చదరంగం తెలిసినవారికి ఒక ఉపాయం ఉంది. ప్రదర్శనలో మంత్రి అన్ని దిక్కులకూ, ఎన్ని గడులైనా దూసుకుపోతుంది. ఐరోపాలో మంత్రికి ఈ బలం వచ్చింది 15వ శతాబ్దం చివరి పాదంలో. అంతకు ముందు, అరబ్బుల ద్వారా అందిన పాత పద్ధతిలో మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. శకటు సరిగ్గా రెండు గడులు మాత్రమే దూకేది. 1454లో రినాల్దో, వియేరి నిజంగానే ఆడి ఉంటే, వాళ్ళు ఆడిన ఆట ఇప్పుడు మనం చూసే ఆట అయి ఉండదు. ఇదే పద్ధతిలో కన్‌గ్రాండే ప్రస్తావనను కూడా పరీక్షించవచ్చు: ఆయన 1329లోనే మరణించాడు. కథలో చెప్పిన నాటికి ఆ నిషేధాజ్ఞకు నూటపాతికేళ్ళు దాటి ఉండాలి. దానికి కారణమైన రోమియో, జూలియట్‌లు కూడా కథల్లోని మనుషులే. ఒక కథ నిలబడడానికి మరొక కథ భుజం పట్టిందన్నమాట.

అలాగైతే మరోస్తికవారు మనల్ని మోసం చేస్తున్నారా అని అడగవచ్చు. ఖడ్గతిక్కన కథ విని పెరిగిన నెల్లూరువారు ఆ ప్రశ్న వేయడానికి కొంచెం ఆలోచించాలి. పుల్లరి (పశువుల మేత పన్ను) తగాదాలో కాటమరాజు మీదికి వెళ్ళి ఓడి తిరిగి వచ్చిన తిక్కనకు, ఇంటివారు నులకమంచం చాటు కట్టి, పసుపు ముద్ద పెట్టి, ఆడవారికి అమర్చినట్టు స్నానానికి నీళ్ళు తోడారని మనం చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. 13వ శతాబ్దంలో ఆ పసుపు ముద్దను పెట్టడం చూసినవారు ఎవరని మనం ఎవరినీ నిలదీయలేదు. కథకు వెనుక ఒక పోరు ఉంది, ఆ పోరు మీద పాటగాళ్ళు, కవులు పేర్చుకుంటూ వచ్చిన పొరలు ఉన్నాయి. తేడా ఏమిటంటే, మన కథలో ఇల్లే వీరుణ్ణి సిగ్గుపరచి చావుకు తిప్పి పంపుతుంది. వాళ్ళ కథలో చావవలసిన ఇద్దరినీ కూర్చోబెట్టి ఆటలోకి దించుతారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పిల్లలకు చెప్పి చూడండి. మా ఇంట్లో ఆ వాదన వెనిస్ నుంచి చెన్నై చేరేదాకా తెగలేదు.

ఎప్పుడు వెళ్ళాలి

మనుషుల చదరంగం సరిసంఖ్య సంవత్సరాల్లో మాత్రమే, సెప్టెంబరు రెండవ వారాంతంలో జరుగుతుంది. కనుక బేసి సంవత్సరంలో వెళ్ళి, ఆట ఎక్కడని అడిగి, నవ్వులపాలు కావద్దు. ప్రదర్శనకు టిక్కెట్లు కొన్ని నెలల ముందే కొనుక్కోవాలి. ఆ రోజుల్లో ఊళ్ళో బస దొరకడం కష్టం కనుక దగ్గరి ఊళ్ళైన బస్సానోలోనో, విచెంజాలోనో గది తీసుకోవడం మేలు. ఆట రాత్రి వేళ చూసేవారు తప్పనిసరిగా స్వెటరు దగ్గర ఉంచుకోవాలి. నెల్లూరు సెప్టెంబరును మనసులో పెట్టుకుని పలుచని చొక్కాతో వెళ్ళినవాడి పరిస్థితి ఏమిటో నాకు తెలుసు.

ప్రదర్శన దాదాపు రెండు గంటలు నడుస్తుంది. అయిదువందల మందికి పైగా స్థానికులు పాతకాలపు దుస్తుల్లో పాల్గొంటారు: జెండాలు ఎగరేసేవారు, బాకాలు ఊదేవారు, విలుకాండ్రు, దాదులు, రైతులు. ఎత్తులను పాత వెనిస్ మాండలికంలో బిగ్గరగా ప్రకటిస్తారు. ఇటాలియన్ వచ్చిన మా అమ్మాయికే అది సగం అర్థం కాలేదు. ఆడేది అప్పటికప్పుడు అల్లుకున్న ఆట కాదు, పేరుపొందిన ఆటగాళ్ళు ఎప్పుడో ఆడిన ఒక ఆటను ఎత్తుకు ఎత్తు తిరిగి ఆడతారు. కాబట్టి మాటలు తెలియకపోయినా పావులను చూస్తూ ఆటను అనుసరించవచ్చు. దీనికి ముందుగా చేయవలసిన పని ఒకటే: పావుల పేర్లను తెలుగులో ఒకసారి సరిచూసుకోవడం. మన గుర్రం అక్కడ నిజమైన గుర్రమే, మీద రౌతుతో సహా వస్తుంది. మూలన నిలబడే మన ఏనుగు అక్కడ చక్రాల మీద దొర్లే కోట బురుజు. మన మంత్రి స్థానంలో రాణి నిలబడుతుంది కనుక, ‘మంత్రి ఏదీ’ అని వెతికే పిల్లలకు ఆ కిరీటం పెట్టుకున్న ఆవిడే మంత్రి అని చెప్పాలి. శకటు సంగతి మరీ తమాషాగా ఉంటుంది. దాన్ని ఇటాలియన్‌లో ‘అల్ఫియేరే’ అంటారు. ఆ మాటకు వాళ్ళ భాషలో జెండా మోసేవాడని అర్థం ఉంది, కానీ చదరంగంలోని ఆ పేరు అరబ్బీలోని ‘అల్ ఫీల్’ నుంచి వచ్చింది. ‘ఫీల్’ అంటే ఏనుగు. మన దేశం నుంచి బయలుదేరిన ఏనుగు దారిలో పేరు ఒక్కటి మిగుల్చుకుని, ఇటలీ చేరేసరికి జెండా పట్టుకుని నిలబడిందన్నమాట.

ప్రదర్శన కాలం కుదరనివారికి రెండవ మంచి కాలం మే చివర, జూన్ మొదటి రోజులు. అవి చెర్రీ పళ్ళ రోజులు. వేసవిలో ఉలవపాడు దగ్గర హైవే పక్కన మామిడికాయల రాశులు పోసి అమ్మినట్టే, మరోస్తిక చుట్టుపక్కల ఈ కాలంలో చెర్రీలు అమ్ముతారు. మన వెంకటగిరి చీరకు ఉన్నట్టే ఆ ఊరి చెర్రీకి భౌగోళిక గుర్తింపు ఉంది. కొనేటప్పుడు తొడిమ పచ్చగా ఉందో లేదో చూడాలి. తొడిమ వాడితే పండు కోసి చాలా సేపయిందని గుర్తు.

అక్కడికి చేరడం

వీసా విషయాన్ని క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది అందరికీ ఒకటే. ఇటలీకి కావలసింది షెంగెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. సెలవుల కాలంలో రెండు, మూడు నెలలు ముందుగా మొదలుపెట్టడమే క్షేమం. పెద్దలకు రుసుము 90 యూరోలు. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల రక్షణ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. బ్యాంకు స్టేట్‌మెంటు, బస రుజువులు, తిరుగు టిక్కెట్టు మామూలే. పిల్లల దగ్గరికి వెళ్ళేవారు వారి ఆహ్వాన పత్రం, అక్కడి నివాస అనుమతి నకలు ముందే తెప్పించుకోవాలి.

నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. అక్కడి నుంచి గల్ఫ్‌లో విమానం మారి వెనిస్‌లో దిగడం సులువు. వెనిస్ నుంచి గాని, దానికి ఇవతల ఉన్న మేస్త్రె స్టేషను నుంచి గాని బస్సానో దెల్ గ్రాప్పా వెళ్ళే ప్రాంతీయ రైలు ఎక్కితే, గంటంపావు ప్రయాణం. పాడువా నుంచి వచ్చేవారికి కూడా బస్సానోకు రైళ్ళు ఉన్నాయి. మరోస్తికకు రైలు లేదు. బస్సానో నుంచి ఏడు కిలోమీటర్లు బస్సులో వెళ్ళాలి.

రైలులో ఒక జాగ్రత్త తప్పనిసరిగా పాటించాలి. కాగితపు టిక్కెట్టు కొన్నవారు ప్లాట్‌ఫారం దగ్గర ఉండే చిన్న యంత్రంలో దాన్ని దూర్చి, తేదీ, సమయం ముద్ర వేయించుకున్న తరువాతే బండి ఎక్కాలి. ముద్ర లేకపోతే, డబ్బు కట్టి కొన్న టిక్కెట్టు చేతిలో ఉన్నా జరిమానా పడవచ్చు. గూడూరు లోకల్‌లో టిక్కెట్టు జేబులో పెట్టుకుని నిద్రపోయే అలవాటున్న మనకు ఇది గుర్తుండదు. బస్సు టిక్కెట్లను మాత్రం బయట ‘టి’ అక్షరం బోర్డు ఉన్న పొగాకు అంగళ్ళలో అమ్ముతారు. సిగరెట్లు కాల్చనివారు కూడా సంకోచించకుండా లోపలికి వెళ్ళి అడగవచ్చు.

ఊరిని చూసే వరుస

బస్సు దిగగానే తిన్నగా మైదానానికి పరుగెత్తకుండా, మొదట ప్రాకారానికి బయట పదినిమిషాలు నిలబడండి. మరోస్తికలో నిజంగా పాతది ఏదో అక్కడి నుంచే కనిపిస్తుంది. కింద మైదానం దగ్గర ఒక కోట, వెనుక కొండ నెత్తిన ఇంకొక కోట, రెండింటినీ కలుపుతూ కొండ వాలు మీదుగా ఎక్కి దిగే గోడ. ఈ కోటలను 14వ శతాబ్దంలో వెరోనా ప్రభువులైన స్కాలా వంశీయులు కట్టించారు. ప్రాకారం 1372లో మొదలైంది, దాని పొడవు సుమారు 1.8 కిలోమీటర్లు. కథ చెప్పే 1454 నాటికి ఈ రాళ్ళన్నీ ఇక్కడే ఉన్నాయి. వెనిస్ వారు ఊరిని తీసుకున్నది 1404లో. మైదానంలో స్తంభం మీద ఉన్న రెక్కల సింహం వారి గుర్తు.

ప్రాకార ద్వారాల పేర్లను గమనించండి. విచెంజా వైపు వెళ్ళేది విచెంతీనా ద్వారం, బస్సానో వైపుది బస్సానేసె ద్వారం, బ్రెగాంజె వైపుది బ్రెగాంజీనా ద్వారం. అవతలి ఊరి పేరే ఇవతలి గుమ్మానికి పెట్టుకున్నారు. మద్రాసు బస్టాండు, ఆత్మకూరు బస్టాండు అని పిలుచుకునే నెల్లూరు మనిషికి ఈ పద్ధతిని విడమరచి చెప్పనక్కరలేదు.

విచెంతీనా ద్వారం గుండా లోపలికి వెళితే, కొద్ది అడుగుల్లోనే చదరంగపు మైదానం చేరుకుంటారు. ఇక్కడ చూడవలసింది నేలనే. ఎర్రటి, తెల్లటి రాతి పలకలతో అరవైనాలుగు గడులను శాశ్వతంగా పరిచారు. పెట్టెలకు చక్రాలు ఉన్నవారు దాని మీదుగా లాక్కుంటూ పోతే, పలకల అతుకుల దగ్గర టక్కుటక్కుమని చప్పుడు వస్తుంది. గడులు ఎంత పెద్దవో చెవికే తెలుస్తుంది. మేము వెళ్ళిన ఉదయం, ఏడెనిమిదేళ్ళ కుర్రవాడొకడు బడిసంచీ వీపున వేసుకుని గుర్రం నడకన రెండు గడులు ముందుకు, ఒక గడి పక్కకు గెంతుతూ మైదానం దాటాడు. ఎర్ర గడి మీద కాలు పెట్టిన ప్రతిసారీ మరుసటి గెంతు తెల్ల గడి మీద పడేటట్టు వాడు చూసుకుంటూ ఉంటే, వాళ్ళ నాన్న ఒక చేత్తో సైకిలు పట్టుకుని, తొందర పెట్టకుండా అవతలి అంచున నిలబడ్డాడు. ప్రదర్శన లేని రోజున వెళ్ళామన్న బాధ నాకు అక్కడితో తీరిపోయింది.

తరువాత కింది కోటలోకి వెళ్ళండి. దానికి ఎత్తుడు వంతెన ఉన్న వాకిలి, లోపల రాతి ప్రాంగణం ఉన్నాయి. ప్రదర్శనలో వాడే దుస్తులను ఇక్కడే చూడవచ్చు. ఆట చూసే అవకాశం దొరకనివారు ఈ గదులకు గంటసేపు కేటాయించాలి. దుస్తులను చూసేటప్పుడు నా సూచన ఒకటి గుర్తుంచుకోండి: వీటి మీది పట్టు, జరీ, ముత్యాలు 15వ శతాబ్దపువి కావు, ఆ శతాబ్దాన్ని ఊహించి 20వ శతాబ్దంలో కుట్టినవి. అలా చూస్తే కుట్టినవారి పనితనం ఇంకా బాగా కనబడుతుంది.

మైదానం నుంచి ఉత్తరంగా నడిస్తే సంత్ ఆంతోనియో చర్చి, దాని సమీపంలోనే మెట్ల వరుస పైన కార్మీని చర్చి వస్తాయి. ఎండలకు చేతులు లేని జాకెట్లు, పొట్టి నిక్కర్లు వేసుకుని చర్చిలోకి వెళ్ళకూడదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. చీర కట్టుకున్నవారికి ఆ ఇబ్బంది లేదు, కొంగు చాలు. కార్మీని చర్చి పక్క నుంచి ఆలివ్ చెట్ల మధ్యగా పైకోటకు కాలిబాట మొదలవుతుంది. ఉదయగిరి దుర్గం ఎక్కినవారికి ఇది కొండే కాదు. మోకాళ్ళ నొప్పులున్న మా ఇంటావిడ కూడా మధ్యలో రెండుసార్లు కూర్చుని అరగంటలో ఎక్కింది. మధ్యాహ్నం ఎక్కవద్దు, సాయంత్రం నాలుగు దాటాక బయలుదేరండి. పై నుంచి చూస్తే చదరంగపు మైదానం అరచేతిలో పెట్టుకునేంతగా కనిపిస్తుంది, దాని వెనుక వెనిస్ చుట్టూ ఉన్న వెనెతో మైదాన ప్రాంతం మసకగా పరుచుకుని ఉంటుంది. కోట కాపలావాడు ఎవరిని చూసి భయపడేవాడో, ఏ దారిన దండు వచ్చేదో అక్కడ నిలబడినప్పుడు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

లియొనోరాను మించి నన్ను ఈ ఊరికి కట్టిపడేసిన మనిషి ఇంకొకరున్నారు; ఆయన కథలోనివాడు కాదు, చరిత్రలోనివాడు. ప్రోస్పెరో అల్పీని 1553లో మరోస్తికలో పుట్టాడు. వైద్యం చదివి, 1580లో వెనిస్ కాన్సులుకు వైద్యుడుగా ఈజిప్టు వెళ్ళి, మూడేళ్ళు అక్కడి మొక్కలను పరిశీలించాడు. 1592లో అచ్చయిన ఆయన గ్రంథం కాఫీ మొక్కను ఐరోపావారికి బొమ్మతో సహా పరిచయం చేసిన తొలి పుస్తకాల్లో ఒకటి. ఖర్జూరపు చెట్లలో ఆడ, మగ వేరువేరనీ, మగచెట్టు పుప్పొడి అందితే తప్ప ఆడచెట్టు కాయదనీ ఆయన రాశాడు. పోతుతాడి, పెంటితాడి అని పేర్లు పెట్టుకుని తాటితోపుల్లో తిరిగిన మనకు ఆ మాట కొత్త కాదు. తరువాత ఆయన పాడువాలో వృక్షశాస్త్రం బోధించి, 1545లో స్థాపించిన అక్కడి వృక్షవనానికి అధిపతి అయ్యాడు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఒక మొక్కల ప్రజాతికి ఆయన పేరు మీదుగానే ‘అల్పీనియా’ అని పేరు పెట్టాడు. ఆ ప్రజాతికి చెందిన ఒక దుంపను నెల్లూరు పెద్దబజారులో ఏ మూలికల అంగడిలో అడిగినా పొట్లం కట్టి ఇస్తారు. దాని పేరు దుంపరాష్ట్రం. దగ్గుకు మా అమ్మ నూరి తేనెలో నాకించిన దుంప పేరులో మరోస్తిక మనిషి ఉన్నాడని తెలిసిన రోజున నేను చాలాసేపు నవ్వుకున్నాను. పాడువాలో పిల్లలు ఉన్నవారు ఆ వృక్షవనాన్ని కూడా ఈ ప్రయాణంలో కలుపుకోవాలి.

భోజనం

పన్నెండున్నర నుంచి రెండున్నర మధ్యలోనే మధ్యాహ్న భోజనం ముగించాలి. ఆ తరువాత వంటశాలలు మూసేస్తారు, రాత్రి ఏడు దాటేదాకా తెరవరు. అంగళ్ళు కూడా మధ్యాహ్నం మూడు గంటల పాటు తాళం వేసి ఉంటాయి. బిల్లులో మనిషికి ఇంత అని ‘కొపెర్తో’ పేరుతో అదనంగా కనిపించే మొత్తం మోసం కాదు, బల్ల పరిచినందుకు తీసుకునే ఆనవాయితీ రుసుము. కాఫీని కూర్చుని కాక కౌంటరు దగ్గర నిలబడి తాగితే సాధారణంగా ధర తగ్గుతుంది.

అన్నం లేకపోతే గడవదు అనుకునేవారు భయపడవద్దు, వరి పండే ప్రాంతమే అది, రిసొత్తో అడగవచ్చు. అయితే మన నోటికి దగ్గరగా ఉండేది పొలెంతా. మొక్కజొన్న పిండిని మరిగే నీళ్ళలో పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో గంటసేపు తిప్పి దించే సంకటి అది. ఒంగోలు వైపు జొన్న సంకటి తిని పెరిగినవారు మొదటి ముద్దకే గుర్తుపడతారు, పక్కన గోంగూర లేదే అని వెతుక్కుంటారు. దానితో పాటు విచెంజా ప్రాంతపు ప్రసిద్ధ వంటకం ఒకటి వస్తుంది: నార్వే నుంచి వచ్చే కట్టెలాంటి ఎండుచేపను దంచి, రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, ఉల్లిపాయ, పాలు, నూనె పోసి నిమ్మళంగా గంటల కొద్దీ ఉడికిస్తారు. నెల్లూరు చేపల పులుసుతో పోల్చడం న్యాయం కాదు, ఇందులో చింతపండు లేదు, కారం లేదు. అయినా ఎండుచేప వాసన తెలిసిన ముక్కుకు అది పరాయిది కాదు. శాకాహారులు మాత్రం ‘మాంసం లేదు’ అని చెప్పి ఊరుకోకూడదు. ‘చేప లేదు, మాంసం ఉడికించిన నీళ్ళు లేవు’ అని కూడా విడివిడిగా అడగాలి. చాలా రిసొత్తోలను మాంసపు రసంతోనే వండుతారు. వసంతకాలంలో వెళితే బస్సానో తెల్ల ఆస్పరాగస్‌ను గుడ్లతో వడ్డిస్తారు, గుడ్డు తినేవారు వదులుకోవద్దు.

తిరుగు ప్రయాణం

ఈ భాగాన్ని నా పొరపాటుతో చెప్పడమే ఉపయోగం. మేము ఆదివారం సాయంత్రం పైకోట నుంచి తాపీగా దిగి వచ్చాం. ఆదివారం బస్సులు తక్కువగా ఉంటాయన్న సంగతి నాకు తెలియదు, టిక్కెట్లు అమ్మే పొగాకు అంగడి ఆ పూట తెరవలేదు, టైంటేబుల్ కింద చిన్న అక్షరాల్లో ఉన్న ‘పండుగ రోజులు’ అనే గీతను నేను మామూలు రోజులదనుకుని చదివాను. చివరి బస్సు వెళ్ళిపోయి అప్పటికి నలభై నిమిషాలు. ఫోను చేసి పిలిపించుకున్న టాక్సీ ఏడు కిలోమీటర్లకు తీసుకున్న డబ్బుతో ఆ రోజు మా నలుగురి భోజనం అయి ఉండేది. కాబట్టి వెళ్ళేటప్పుడే తిరుగు టిక్కెట్టు కూడా కొనుక్కోండి. టైంటేబుల్‌లో పనిదినాలకు ‘ఫెరియాలె’, ఆదివారాలకూ పండుగలకూ ‘ఫెస్తీవో’ అని ఉంటుంది. వినడానికి తిరగబడినట్టు ఉంటాయి, మొదటిదే మామూలు రోజు. చివరి బస్సు సమయాన్ని దిగిన వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి.

బస్సానోలో రైలుకు గంట సమయం మిగిలితే స్టేషనులో కూర్చోకుండా బ్రెంటా నది దాకా నడవండి, పావుగంట దూరం. ఆ నది మీద పైకప్పు ఉన్న చెక్క వంతెన ఉంది. వాస్తుశిల్పి పల్లాడియో 1569లో దానికి రూపకల్పన చేశాడు. 1748లో వరదలో కొట్టుకుపోయింది, రెండవ ప్రపంచ యుద్ధం చివరిలో కూలింది, 1948లో మళ్ళీ నిలబెట్టారు. ప్రతిసారీ అదే పాత నమూనాతో, చెక్కతోనే కట్టారు. వంతెన నడుమ నిలబడి చూస్తే నీళ్ళు పచ్చగా, చలిగా, చప్పుడుతో కింద నుంచి పోతుంటాయి. ఎండాకాలపు పెన్నను చూసి వెళ్ళిన మా ఇంటావిడ, చెక్క కటకటాల మీద మోచేతులు ఆనించి, ఇంత నీళ్ళు ఎవరికీ పనికిరాకుండా పోతున్నాయే అని అంటూ ఉండగానే రైలుకు వేళయింది.